పాత ట్రాక్టర్ ఇంజిన్ మిస్ కొడుతుంటే ఏ సిలిండర్‌దో ఇలా పట్టుకోండి

డీజిల్ ట్రాక్టర్ ఐడిలింగ్‌లో వణుకుతూ, తెల్ల పొగ వదులుతూ నడుస్తుంటే వెంటనే ఇంజెక్షన్ పంపు (ఇంజిన్‌కి డీజిల్ ఒత్తిడితో పంపేది) విప్పించకండి. ముందు డీజిల్ లైన్‌లో చేరిన గాలి తీయండి. డీజిల్ ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా చేతి పంపు కొట్టండి. మళ్లీ మళ్లీ గాలి పడుతుంటే ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకి (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు) వచ్చే పైపు, బ్యాంజో బోల్టు (పైపును బిగించే, లోపల రంధ్రమున్న బోల్టు) వాషర్లు చూడండి. అక్కడ ఒక్కోసారి డీజిల్ కారకుండానే గాలి లోపలికి పీలుస్తుంది, అందుకే కంటికి ఆనదు.

అయినా కుదరలేదా? ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పైపు నట్టును (సాధారణంగా 17 లేదా 19 నంబర్ స్పానర్) అర చుట్టు వదిలి, చూసి, మళ్లీ బిగించండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. చిమ్మేచోట వేలు అస్సలు పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. నట్టు వదలగానే ఇంజిన్ ఇంకా కుంగితే ఆ సిలిండర్ బాగున్నట్టే. ఏ తేడా రాకపోతే పని చేయనిది అదే.

ఇంజిన్ ఆపి, ఆ ఇంజెక్టర్‌ని పక్కదానితో మార్చండి, కొత్త రాగి వాషర్లతో. లోపం దాని వెంటే వెళితే ఇంజెక్టర్ నాజిల్ (డీజిల్ చిమ్మే కొన) పోయింది. ఉన్నచోటే ఉంటే వాల్వ్ గ్యాప్, ఆ తర్వాత కంప్రెషన్ చూడాలి.