ఒంటికి కట్టుకునే సెన్సర్లతో నడకను విశ్లేషించే విధానం

నడకను కొలవాలంటే కెమెరాలు అమర్చిన ప్రయోగశాల ఉండి తీరాలన్న నియమం లేదు. యాక్సిలరోమీటర్ (త్వరణాన్ని కొలిచేది), గైరోస్కోప్ (తిరిగే వేగాన్ని కొలిచేది) కలిసి ఉన్న చిన్న సెన్సర్లను రెండు కాళ్లకూ కట్టి, అడుగుల వ్యవధిని, లయను, కుడి ఎడమల తేడాను నమ్మదగినంతగా రాబట్టవచ్చు. అడుగు పొడవు లెక్క ఇంతకంటే కష్టం కనుక ముందు కాలాన్ని, ఆ తర్వాతే దూరాన్ని పట్టుకోవడం మంచిది.

సెన్సర్‌ను మోకాలికీ చీలమండకూ మధ్య, ఎముక చర్మానికి ఆనుకుని ఉండే ముందువైపు బిగించాలి. పిక్క మీద కడితే అడుగు పడినప్పుడల్లా కండ అదిరి, ఆ అదురు కూడా కొలతలో చేరుతుంది. దానిని తర్వాత ఏ ఫిల్టరూ (కొలతల్లోని అదురును వడగట్టే లెక్క) పూర్తిగా తీసివేయలేదు. సెకనుకు 100 నమూనాలు (కొలతలు) మామూలు నడకకు సరిపోతాయి. రెండు సెన్సర్ల గడియారాలు కలవకపోతే కుడి ఎడమల పోలికకు అర్థం ఉండదు.

నడక మొదలుపెట్టే ముందు వ్యక్తిని పది సెకన్లు కదలకుండా నిలబెట్టాలి. ఆ సమయంలో గైరోస్కోప్ చూపే సగటు విలువే దాని సహజ దోషం. దానిని మొత్తం రికార్డింగు నుంచి తీసివేయాలి. ఆ తర్వాత తిన్నని దారిలో అలవాటైన వేగంతో నడవమనాలి. జాగ్రత్తగా నడవమని చెబితే నడకే మారిపోతుంది. పక్క నుంచి వీడియో తీసి ఉంచుకుంటే అనుమానం వచ్చిన ప్రతి చోటా అదే సాక్ష్యం.

విశ్లేషణలో ముందుగా, బయలుదేరేటప్పుడూ ఆగేటప్పుడూ మలుపుల్లోనూ పడిన అడుగులను తొలగించాలి. కాలు ముందుకూ వెనక్కూ ఊగే అక్షం మీద గైరోస్కోప్ గీతను చూస్తే, కాలు గాలిలో ముందుకు సాగే నడిమి క్షణంలో ఒక ఎత్తైన శిఖరం, దానికి ఇరువైపులా రెండు లోయలు కనిపిస్తాయి. శిఖరానికి ముందున్న లోయ వేళ్లు నేలను విడిచిన క్షణాన్ని, తర్వాతి లోయ మడమ నేలను తాకిన క్షణాన్ని సూచిస్తాయి. సెన్సర్ తలకిందులుగా కట్టి ఉంటే గీత కూడా తిరగబడుతుంది కనుక ముందుగా దిశను సరిచూసుకోవాలి. వడపోత ఫిల్టర్‌ను ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి నడిపితే ఈ క్షణాలు గీతలో ఆలస్యంగా కనిపించవు. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఒక మడమ తాకిడి నుంచి అదే మడమ మళ్లీ తాకేవరకు సుమారు ఒక సెకను పడుతుంది; అందులో దాదాపు 60 శాతం పాదం నేలపైనే ఉంటుంది. ఎక్కడైనా ఆ వ్యవధి ఉన్నట్టుండి రెట్టింపైతే, నడక మారిందనుకునే ముందు ఒక శిఖరం లెక్కలో జారిపోయిందేమో చూడాలి. కాళ్లు ఈడ్చుతూ నడిచేవారిలో లోయలు స్పష్టంగా ఉండవు. అక్కడ వీడియోతో పోల్చక తప్పదు.

అడుగు పొడవుకు మరో సెన్సర్‌ను పాదంపైన కట్టి, గురుత్వాన్ని మినహాయించిన త్వరణాన్ని రెండుసార్లు సమాకలనం చేయాలి (అంటే క్షణక్షణానికీ కూడుతూ పోయి, మొదట వేగాన్ని, తర్వాత దూరాన్ని రాబట్టాలి). త్వరణంలో 0.1 మీ/సె² దోషం ఉన్నా పది సెకన్లలో ఐదు మీటర్ల తప్పు పేరుకుంటుంది, ఒక్క సెకనులోనైతే ఐదు సెంటీమీటర్లే. అందుకే పాదం నేలపై నిశ్చలంగా ఆనిన ప్రతిసారీ వేగాన్ని సున్నాకు తెచ్చి, మళ్లీ మొదలుపెట్టాలి.

రెండు రికార్డింగులను పోల్చేటప్పుడు పాదరక్షలు, నేల, నడక వేగం నమోదు చేసి ఉండాలి. వేగం తగ్గినంత మాత్రానే పాదం నేలపై ఉండే వాటా పెరుగుతుంది. వేగం తెలియకుండా ఆ పెరుగుదలను కాలి లోపంగా లెక్కించకూడదు.