రెండో కాన్పు ఖర్చు: ముందు దించాల్సింది పాత బిల్లుల ఫైలు

రెండో బిడ్డ అనగానే ఇంట్లో అందరి చూపూ అటక మీదికి పోతుంది. పెద్దదాని గౌన్లున్నాయి, ఉయ్యాల ఉంది, దోమతెర ఉంది, ఇంకేం ఖర్చులే అనుకుంటారు. నిజానికి మొదటిసారి కూడా ఆ సామాన్లకు పోయింది తక్కువే. డబ్బంతా పోయేది ఆసుపత్రి బిల్లుకు, జీతం రాని నెలలకు, ఆ తర్వాత నెలనెలా కరిగిపోయే డైపర్లకు, డబ్బాపాలకు, టీకాలకు. అందుకే అటక సంగతి ఏడో నెలలో చూసుకోవచ్చు. ముందు మొదటి కాన్పు బిల్లుల ఫైలు తీయండి.

అందులో కాగితాలను ఆసుపత్రివి, ఒక్కసారి కొన్నవి, నెలనెలా కొన్నవి అని విడదీసి పక్కన మొత్తాలు వేయండి. ఆసుపత్రి మొత్తానికి ఈనాటి రేటు అక్కడే ఫోన్ చేసి కనుక్కోండి. లెక్క 90,000 తేలిందనుకుందాం. కడుపు నిలిచాక మొదలుపెడితే తొమ్మిది నెలలపాటు నెలకు పదివేలు కట్టాలి. ఆర్నెల్లు ముందే రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే నెలకు ఆరువేలతో సరిపోతుంది. ఒక కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం 24 నెలలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తల్లి ఒంటికోసం చెప్పిన ఆ ఎడం డబ్బు కూడబెట్టడానికీ పనికొస్తుంది.

ఆసుపత్రి ప్యాకేజీ

ఏడో నెల రాకముందే ప్యాకేజీ వివరం కాగితం మీద రాయించుకోండి. మత్తుడాక్టరు ఫీజు, కాన్పు సమయంలో పిల్లల డాక్టరు రావడం, మందులు, గ్లవుజులు, కుట్లదారాలు, బిడ్డ పేరు మీద వేసే చార్జీలు అందులో ఉన్నాయా? బిడ్డను ఐసీయూలో పెడితే రోజుకెంత? మాట వరకు "ముప్పావు లక్షలో అయిపోతుంది" అన్నది డిశ్చార్జి నాటికి పెరిగేది ఈ విడి చార్జీల వల్లే.

రూము దగ్గర ఇంకో చిక్కుంది. చాలాచోట్ల రూము మారితే అద్దె ఒక్కటే మారదు, ఆపరేషన్ ఫీజు, డాక్టరు ఫీజు కూడా ఆ తరగతి రేటుకు పెరుగుతాయి. పైగా ఇన్సూరెన్సులో రూము పరిమితి 4,000 ఉండగా 6,000 రూము తీసుకున్నారనుకోండి. చాలా పాలసీలు ఆ పై రెండువేలు కోసి ఊరుకోవు, రూముతో ముడిపడ్డ చార్జీలన్నిటిలోనూ మూడింట రెండు వంతులే ఇస్తాయి. చుట్టాలు వచ్చి కూర్చోవడానికి పెద్ద గది అన్నది చాలా ఖరీదైన మర్యాద.

కడుపు నిలిచాక ఈ కాన్పుకోసమని కొత్త పాలసీ కొనడం సాధారణంగా దండగ. విడిగా తీసుకునే పాలసీల్లో ప్రసూతి ఖర్చుకు రెండు నుంచి నాలుగేళ్ల నిరీక్షణ మామూలే. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ ఉంటే మాత్రం హెచ్‌ఆర్‌ను మూడు మాటలు అడగండి. రెండో కాన్పుకూ వర్తిస్తుందా? మామూలు కాన్పుకు, సిజేరియన్‌కు పరిమితి ఎంతెంత? బిడ్డకు మొదటి రోజు నుంచే కవరు ఉందా, పేరు ఎన్ని రోజుల్లో చేర్పించాలి? ఈ గడువు తప్పితే బిడ్డ ఐసీయూ బిల్లు మీ చేతి నుంచే పోవచ్చు.

సర్కారు ఆసుపత్రిలో జననీ శిశు సురక్ష పథకం కింద మామూలు కాన్పూ, సిజేరియనూ, మందులూ, పరీక్షలూ, తల్లికి భోజనమూ ఉచితం. అక్కడే కనాలని లేకపోయినా, ప్రతి నెలా 9న ఉచిత గర్భిణీ పరీక్షలకు వెళ్లవచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అంటే పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. రంగు డబ్బాలో కొన్న ఐరన్ మాత్ర చేసే పనే అదీ చేస్తుంది.

ఇక పిల్లలు చాలనుకుంటే కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ మాట కూడా ముందే తేల్చుకోండి. సిజేరియన్‌తో పాటు చేస్తే వేరే అడ్మిషన్ తప్పుతుంది, కానీ ప్యాకేజీలో లేకుండా చివర్లో అడిగితే రేటు వాళ్లిష్టం. మగవారి వేసెక్టమీ ఇంతకన్నా తేలిక, సర్కారులో ఉచితం. ఇళ్లలో ఆ మాట ఎవరూ ఎత్తరు, అది వేరే సంగతి.

ఖర్చు తగ్గించకూడనివీ ఉన్నాయి. బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో చూసే 18-22 వారాల టిఫా స్కాను, 24-28 వారాల షుగరు పరీక్ష మొదటిసారి బాగానే వచ్చాయని మానకండి. తల్లిది నెగటివ్ బ్లడ్ గ్రూపు, తండ్రిది పాజిటివ్ అయితే, తల్లి ఒళ్లు బిడ్డ రక్తకణాలకు ఎదురుతిరగకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ డబ్బు ముందే పక్కన పెట్టండి. సాధారణంగా 28వ వారంలో ఒకటి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు తర్వాత 72 గంటల్లోపు ఇంకొకటి పడుతుంది. మొదటిది సిజేరియనైతే, ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నించేది ఇరవైనాలుగు గంటలూ ఆపరేషన్ థియేటరు, రక్తం సిద్ధంగా ఉండే చోటే. చవకని చిన్న నర్సింగ్ హోముకు వెళ్లకండి.

జీతం

ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో వచ్చిన సవరణతో రెండో బిడ్డకు కూడా 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. ఇద్దరు పిల్లలున్నాక వచ్చే కాన్పుకే అది 12 వారాలకు తగ్గుతుంది. కాన్పుకు ముందు ఏడాదిలో అదే సంస్థలో 80 రోజులు పనిచేసి ఉండాలి కాబట్టి మధ్యలో ఉద్యోగం మారేవాళ్లు ఆ లెక్క చూసుకోవాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఆ డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది. సొంత పని, కూలిపని వాళ్లకు ఇవేవీ లేవు. వాళ్లు ఆసుపత్రి లెక్కకు కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు కలుపుకోవాలి.

అటక మీద మూట

మూట విప్పగానే కలరా ఉండల వాసన వస్తే, హైదరాబాదు వైపు డాంబరు గోలీలంటారు, ఆ బట్టలు నేరుగా బిడ్డకు వేయొద్దు. అందులోది నాఫ్తలీన్. జీ6పీడీ ఎంజైము తక్కువగా పుట్టిన పిల్లల్లో అది ఎర్రరక్త కణాలను చిట్లగొట్టి కామెర్లను ముదరబెడుతుంది. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో ముందు తెలియదు. వేడినీళ్లలో ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వేయండి. వాసన వదలని దుప్పటిని పక్కన పడేయండి. మళ్లీ దాచేటప్పుడు ఎండిన వేపాకు చాలు.

సాగిపోయిన ఎలాస్టిక్, ఊడొచ్చే గుండీలు చూసుకోండి. ఉయ్యాల కొక్కేన్ని, గొలుసును బరువు వేలాడదీసి పరీక్షించండి. పాలపీకలు కొత్తవి కొనాలి. సీసాలు బాగుంటే నీళ్లలో పూర్తిగా మునిగేలా పది నిమిషాలు మరిగిస్తే సరి, స్టెరిలైజరు అక్కర్లేదు. వాకరు ఉంటే ఎవరికీ ఇవ్వకండి కూడా. మెట్ల మీంచి దొర్లడం, పొయ్యి దాకా పోవడం దానితోనే. కెనడాలో 2004 నుంచి దాని అమ్మకమే నిషేధం.

పొత్తిగుడ్డలకు పాత నూలు పంచెను మించింది లేదు. నాలుగు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల పన్నా ఉన్న పంచెను అడ్డంగా సగానికి, పొడవును ఆరు భాగాలకు కోస్తే రెండడుగుల గుడ్డలు పన్నెండు వస్తాయి. రెండు పంచెలుంటే పగటి గోచీలకు సరిపోతాయి. వాటికి ఫాబ్రిక్ కండిషనరు వాడకండి, తడి పీల్చడం తగ్గుతుంది. తొలి నెలల్లో రోజుకు ఎనిమిది డైపర్లు, ఒక్కోటి పది రూపాయలనుకుంటే నెలకు 2,400. పగలు గుడ్డ, రాత్రికి రెండు డైపర్లు పెడితే 600. న్యూబోర్న్ సైజు ఒక్క ప్యాకెట్ మించి కొనకండి, వారాల్లోనే బిగుతైపోతుంది.

పాలు, టీకాలు

మూడో నెల బిడ్డ పూర్తిగా డబ్బాపాల మీదే ఉంటే 400 గ్రాముల డబ్బా మూడునాలుగు రోజులే వస్తుంది, అంటే నెలకు ఎనిమిది తొమ్మిది డబ్బాలు. ముందుజాగ్రత్తగా ఒక డబ్బా కొని ఇంట్లో పెడితే మూడో రాత్రి బిడ్డ ఏడవగానే అది విప్పుతారు, తల్లిపాలు అక్కడే తగ్గడం మొదలవుతుంది. పాలు చాలుతున్నాయో లేదో తడిసిన గుడ్డలే చెబుతాయి. ఐదో రోజు తర్వాత ఇరవైనాలుగు గంటల్లో ఆరుకు పైగా తడిస్తే, రెండు వారాలకు పుట్టిన బరువు తిరిగి వస్తే చాలుతున్నట్టే. డబ్బాపాలు నిజంగా అవసరమైతే పొదుపని నీళ్లు ఎక్కువ కలపకండి. బిడ్డ ఎదుగుదల ఆగిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

టీకాల్లో బీసీజీ, పోలియో, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే సూది), రోటావైరస్, న్యుమోకాకల్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) అన్నీ పీహెచ్‌సీలో ఉచితం. ప్రైవేటులో "నొప్పి లేని" సూది అని అమ్మేదానితో జ్వరం తక్కువ వస్తుంది, రక్షణ ఎక్కువేమీ రాదు. ఉచిత జాబితాలో లేని ఫ్లూ, టైఫాయిడ్, ఆటలమ్మ టీకాల్లో డాక్టరు చెప్పినవాటికే డబ్బు దాచుకోండి.

కాగితాలు

రెండో బిడ్డ ఆడపిల్లైతే ప్రధానమంత్రి మాతృవందన పథకం కింద అర్హులకు 6,000 ఒకే విడతగా వస్తుంది. పుట్టిన 270 రోజుల్లోపు నమోదు కావాలి, తొలి విడత టీకాలు పూర్తయి ఉండాలి. ఖాతా తల్లి పేరునే ఉండి ఆధార్‌తో కలిసి ఉండాలి. మీ ఊళ్లో ఎలా జరుగుతోందో అంగన్‌వాడీ టీచరును అడగండి. జనన నమోదు 21 రోజుల్లో ఉచితం. పేరు తేలకపోతే ఖాళీగా వదిలి ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు మాత్రం ఆసుపత్రి ఫారం నింపేరోజే ఆధార్ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.