ఖరీదైన ఆంప్లిఫయర్, చవక స్పీకర్లు
ఈఎంఐ మీద లక్షన్నర పెట్టి ఆంప్లిఫయర్ కొన్నాను. స్పీకర్లు మాత్రం కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చిన పాతవే, జత 8 వేలు. పాట పెడితే గొంతు ఎటునుంచి వస్తోందో తెలియదు, బేస్ అసలు లేదు. షాపతను "స్పీకర్లు మార్చేయండి సార్" అన్నాడు. వాళ్లు ఇంకేమంటారు!

ఓ రాత్రి ఆంప్లిఫయర్ ఆపి, దాన్నుంచి స్పీకర్ వైర్లు ఊడదీసి, ప్లస్, మైనస్ చూసుకుని చివర్లకు 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ఒక్క క్షణం తాకించాను. ఎడమ స్పీకర్ కోన్, అంటే ముందు కదిలే గరాటు లాంటి పొర, టప్పున ముందుకొచ్చింది. కుడిది లోపలికి పోయింది! దాని వెనకాల ఎరుపు, నలుపు వైర్లు తారుమారు. ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి లాగేస్తోంది, బేస్ ఎలా మిగులుతుంది?

వైర్లు సరిచేసి, స్పీకర్లను షోకేసులోంచి తీసి స్టూళ్ల మీద, గోడకు అడుగున్నర దూరంలో పెట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ, "మళ్లీ కొత్తవి కొన్నారా?" అంది.