రీఫ్ ట్యాంకులో పచ్చ పీచు పట్టుకుంటే

పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో, అంటే రీఫ్ ట్యాంకులో, రాళ్ల మీద పచ్చటి పీచు నాచు బెత్తెడు పెరిగి నీటి విసురుకు ఊగుతుంటుంది. టెస్ట్ కిట్‌లో చూస్తే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. కిట్ పాడైందనుకుని చాలామంది ఇంకోటి కొంటారు. కిట్ బాగానే ఉంటుంది. నీటిలోకి వచ్చిన ఈ ఎరువునంతా, అంటే నైట్రేట్, ఫాస్ఫేట్‌లను, నాచే ఎప్పటికప్పుడు తినేస్తుంటే, కిట్ చూపేది అది తినగా మిగిలినదాన్నే. కాబట్టి నాచు దట్టంగా ఉన్న ట్యాంకులో ఆ సున్నాను చూసి ధైర్యపడొద్దు.

కింది మోతాదులన్నీ 200 లీటర్ల ట్యాంకువి. రాళ్లు, ఇసుక పోను అందులో అసలు నీరు సుమారు 180 లీటర్లు. మీ ట్యాంకును బట్టి లెక్క మార్చుకోండి.

ముందు అదేమిటో తేల్చుకోవాలి

ట్యాంకు పెట్టిన మొదటి రెండు నెలల్లో ఇసుక మీద గోధుమరంగు పొడిలా పరుచుకునేది డయాటమ్. నీటిలో, కొత్త ఇసుకలో ఉన్న సిలికేట్ అయిపోగానే చాలావరకు దానంతటదే పోతుంది. ముదురు ఎరుపు రంగులో, లాగితే పొరలుగా ఊడి వచ్చే పాచి సయనోబ్యాక్టీరియా. వేళ్లతో పట్టి లాగితే తెగే పచ్చటి మెత్తని పీచు మామూలు హెయిర్ ఆల్గే. అదే పచ్చదనం, కానీ ఒక్కో పోగూ చిన్న ఈకలా రెండు పక్కలా పాయలు తీసి కనిపిస్తే బ్రయాప్సిస్. దాని వైద్యం వేరు.

గాలిబుడగలతో చీమిడిలా సాగుతూ, రాత్రి పలచబడి, లైటు వెలిగిన కాసేపటికే మళ్లీ కనిపించేది డైనోఫ్లాజెలేట్ కావచ్చు. దాన్ని కొంచెం ట్యాంకు నీటితో సీసాలోకి తీసి గట్టిగా ఆడించి, టిష్యూ కాగితంలో వడకట్టి, ఆ నీటిని గంటసేపు వెలుతురులో ఉంచండి. మళ్లీ ముద్దకట్టి తీగలు సాగితే అది డైనోనే. దానికి పోషకాలు తగ్గించడం మొదలుపెడితే ట్యాంకు చేజారుతుంది. ఆ సంగతి చివర చెబుతాం.

చేత్తో తీయడమే మొదటి మందు

పొడవు నాచును నత్తలు ముట్టవు, మందులు చంపినా అది కుళ్లి తిన్నదంతా నీటిలోకే వదులుతుంది. అందుకే ముందు పీకాలి. పవర్‌హెడ్లు (ట్యాంకులో నీటిని విసిరే పంపులు), రిటర్న్ పంపు ఆపండి. వేలెడు లావు సైఫన్ గొట్టం కొసకు టూత్‌బ్రష్ కట్టి, రుద్దుతున్న చోటే గొట్టం పీల్చేలా పట్టుకోండి. బకెట్ మీద ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) పెట్టి వడకడితే నీరు తిరిగి వాడుకోవచ్చు. గొట్టం లేకుండా ట్యాంకులోనే రుద్దితే తెగిన ప్రతి ముక్కా ఇంకో రాయి మీద కొత్త మొక్క.

బయటికి తీయగలిగే రాయికి హైడ్రోజన్ పెరాక్సైడ్ బాగా పనిచేస్తుంది. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది 6 శాతంది. సమానంగా ఆర్వో నీరు కలిపితే 3 శాతం అవుతుంది. పగడాలకు తగలకుండా నాచు మీదే పోసి, 3 నుంచి 5 నిమిషాలాగి బ్రష్ చేసి, ఉప్పునీటిలో రెండుసార్లు కడిగి పెట్టండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. పెప్పర్‌మింట్, క్లీనర్ రొయ్యలు దీన్ని తట్టుకోలేవు, నేరుగా ట్యాంకులో పోయొద్దు.

ఎరువు వచ్చే దారి: నీరు

ఎక్కువ ట్యాంకుల్లో తప్పు ఇక్కడే జరుగుతుంది. వంటింటి ఆర్వో ప్యూరిఫయర్ నీరు రీఫ్‌కు పనికిరాదు. రుచి కోసం అందులో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) వాల్వ్ ద్వారా కొంత పచ్చి నీరు కలుస్తుంది, పైగా మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. ఇవి రెండూ లేకపోయినా, 800 టీడీఎస్ బోరు నీరు 95 శాతం పట్టే మెంబ్రేన్ దాటినా 40 మిగులుతుంది.

ఆ 40లో ఏముందన్నది అసలు ప్రశ్న. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. తెలంగాణ, ఆంధ్రల్లో చాలా బోర్లు దాన్ని దాటతాయి. మెంబ్రేన్ మిగతా లవణాలను ఆపినంత బాగా నైట్రేట్‌ను ఆపలేదు. బోరులో 60 ఉంటే 7 దాకా దాటి వస్తుందనుకోండి. ఎండాకాలంలో ట్యాంకు చల్లబడటానికి ఫ్యాన్ పెడితే రోజుకు 3 లీటర్లు ఆవిరవుతుంది, నెలకు 90 లీటర్లు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, నైట్రేట్ ట్యాంకులోనే ఉంటుంది. టాప్ అప్ (ఆవిరైన నీటికి బదులు పోసే నీరు) ద్వారానే నెలకు 3.5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చేరిందన్నమాట, చేపకు ఒక్క గింజ వేయకముందే.

మెంబ్రేన్ తర్వాత, మినరల్ కార్ట్రిడ్జ్‌కు ముందు నుంచి పైపు విడగొట్టి 10 అంగుళాల డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టే గింజలు) చాంబర్ కలపండి. టీడీఎస్ మీటరులో సున్నా రావాలి. 1 లేదా 2 కనబడగానే రెజిన్ మార్చేయండి. రెజిన్ అలసిపోయేటప్పుడు ముందుగా జారిపోయేది సిలికేట్, మీటరు దాన్ని సరిగా పట్టలేదు.

రెండో దారి రాయి. మన దేశంలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, కడలి నుంచి పగడపు రాయి తేవడం నేరం. కాబట్టి ఇక్కడ పొడి రాయో, చేత్తో చేసిన రాయో వాడతాం. పాత ట్యాంకులో ఏళ్లపాటు ఉన్న రాయి ఫాస్ఫేట్‌ను ఒంట్లో దాచుకుని ఉంటుంది. నీటిలో తగ్గించిన కొద్దీ రాయి వదులుతుంది. మందు పెట్టినా వారంలో ఫాస్ఫేట్ మళ్లీ పెరగడానికి కారణం ఇదే. మందు పనిచేయలేదని మోతాదు రెట్టింపు చేయకండి.

మేత గురించి ఒక్క మాట: ఫ్రోజెన్ మైసిస్‌ను (గడ్డకట్టించిన చిన్న రొయ్యల్లాంటి మేతను) కరగబెట్టి, జాలీలో కడిగి, చేపలు ఒక నిమిషంలో తినేంతే వేయండి.

ఎంత ఉండాలి, ఎలా తగ్గించాలి

నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం. పగడాలకూ తిండి కావాలి, అందుకే గురి సున్నా కాదు. ఫాస్ఫేట్‌కు రంగు పోల్చే కిట్ చాలదు, డిజిటల్ చెకర్ కావాలి. హన్నా అల్ట్రా లో రేంజ్ ఫాస్ఫరస్ చెకర్ అంకె ఫాస్ఫరస్‌ది, పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు). దాన్ని 3.066తో హెచ్చించి వెయ్యితో భాగించాలి. 20 చూపితే ఫాస్ఫేట్ 0.06 పీపీఎం.

నీరు మార్చడం మంచిదే కానీ లెక్క తెలియాలి. నైట్రేట్ 40 ఉన్నప్పుడు 10 శాతం మారిస్తే 36కు దిగుతుంది, అంతే. మిగతా పని స్కిమ్మర్‌ది (నురగతో మలినాన్ని బయటికి తీసే పరికరం), సంప్‌లో (ట్యాంకుకు జతచేసిన రెండో తొట్టి) పెంచే కీటోమార్ఫా నాచుది. దానికి రాత్రిపూట లైటు వేస్తే పీహెచ్ కూడా పడిపోకుండా ఉంటుంది. ఆ నాచు బంతి దట్టమైన కొద్దీ మూడో వంతు తీసి పారేయాలి. తీయకపోతే లోపల కుళ్లి తిన్నది తిరిగిస్తుంది.

నైట్రేట్ 25 దాటి దిగకపోతే తెల్ల వెనిగర్. దాన్ని తిని పెరిగే బ్యాక్టీరియా నైట్రేట్‌ను వాడుకుంటుంది. రోజుకు 2 మిల్లీలీటర్లతో మొదలు, వారానికి 2 చొప్పున పెంపు. నైట్రేట్ తగ్గడం మొదలవగానే పెంచడం ఆపండి. ఉదయం లైటు వెలిగాక, నీటి విసురున్న చోట పోయాలి. నీరు పాలలా మసకబారితే రెండు రోజులు ఆపి సగంతో మొదలుపెట్టండి. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి ఆక్సిజన్ లాగేస్తుంది కాబట్టి, స్కిమ్మర్ లేని ట్యాంకుకు ఈ పద్ధతి వద్దు.

ఫాస్ఫేట్‌కు జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ను పట్టే ఇనుప ఆక్సైడ్ గింజలు). పూర్తి మోతాదు లీటరుకు 1 మిల్లీలీటరు, మీరు సగమే, అంటే 90 మిల్లీలీటర్లు వేయండి. ఎర్ర నీళ్లు పోయేదాకా కడిగి, రియాక్టర్లో (గింజల గుండా నీటిని పంపే గొట్టంలో) గింజలు పైపైన కదిలేంత ప్రవాహమే ఇవ్వండి. ఫాస్ఫేట్ 0.3 నుంచి రెండు రోజుల్లో 0.03కి పడితే ఆక్రోపోరా పగడం కొనలు తెల్లబడి కండ ఊడిపోతుంది. నెల రోజులు పట్టనివ్వండి.

లైటు తెలుపు, ఎరుపు చానెళ్లు తగ్గించి, పూర్తి వెలుగు 8 గంటలకు మించనివ్వకండి. పీకిన తర్వాతే ట్రోకస్ నత్తలు పది, టర్బో రెండు దింపండి. ట్రోకస్ బోర్లాపడితే తనంతట తాను తిరగగలదు, టర్బో చాలాసార్లు తిరగలేదు.

లొంగనివి

బ్రయాప్సిస్‌కు ఫ్లూకోనజోల్, లీటరుకు 5 మిల్లీగ్రాములు. 180 లీటర్లకు 150 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ ఆరు. డాక్టర్ చీటీ మీద అమ్మే మందు ఇది. ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేసి, పొడిని కలిపి పోసి, 14 నుంచి 21 రోజులు నీరు మార్చకండి. చచ్చిన పీచును ఎప్పటికప్పుడు లాగేయండి.

డైనోకు మాత్రం అంతా తిరగేయాలి. జీఎఫ్ఓ, వెనిగర్ ఆపి, పోషకాలు పెంచాలి. ల్యాబ్ గ్రేడ్ సోడియం నైట్రేట్ 1 గ్రాము 180 లీటర్లలో నైట్రేట్‌ను సుమారు 4 పీపీఎం పెంచుతుంది. ట్రైసోడియం ఫాస్ఫేట్ డోడెకాహైడ్రేట్ 4 గ్రాములు లీటరు ఆర్వో డీఐ నీటిలో కరిగిస్తే, ఆ ద్రావణం 5 మిల్లీలీటర్లకు ఫాస్ఫేట్ 0.03 పీపీఎం పెరుగుతుంది. మొదటి రోజుల్లో రాయి తాగేసి మర్నాటికి సున్నా చూపుతుంది. రోజూ కొలిచి, 0.05 దగ్గర నిలిచేదాకా పోస్తూనే ఉండండి. ఆస్ట్రియాప్సిస్ రకమైతే రాత్రి నీటిలోకి తేలుతుంది కనుక యూవీ దీపం దాన్ని పట్టగలదు. ఇసుకలోనే ఉండిపోయే పెద్ద ఆంఫిడీనియం మీద యూవీ పనిచేయదు. ఏ రకమో తేల్చడానికి 400 రెట్లు చూపే మామూలు స్కూలు మైక్రోస్కోప్ సరిపోతుంది.