మన వీధి, మన కాలువ – 5వ పాఠం: కింది కొస నుంచి మొదలుపెట్టండి

ఈసారి ఖర్చుల పంపకం చెబుతానన్నాను. చెబుతాను, కానీ ముందు పోయిన పాఠం అప్పు తీర్చాలి. 240 మీటర్ల వీధికి వాననీటి కాలువ గీయమని అప్పుడిచ్చిన లెక్క చేసి పంపినవాళ్లలో చాలామంది ఒకే గోతిలో పడ్డారు. అందులోంచి పైకి రాకుండా ఎస్టిమేట్ వేస్తే డబ్బూ అదే గోతిలోకి పోతుంది.

నీళ్ల లెక్క బాగానే చేశారు. నీరు వచ్చి చేరే నేల 1.8 హెక్టార్లు, గంటకు 60 మిల్లీమీటర్ల వాన, గుణకం (పడిన వానలో ఇంకకుండా పారే వంతు) 0.8. మూడూ హెచ్చవేసి, కొలతలు మార్చడానికి 360తో భాగిస్తే సెకనుకు 0.24 ఘనపు మీటర్లు, అంటే 240 లీటర్లు. దాని జోలికి మళ్లీ వెళ్లను.

తేడా వచ్చింది మట్టాల దగ్గర. కింది కొసన నేలను 100.00 మీటర్లు అనుకుని మిగతా ఎత్తులన్నీ దాన్నిబట్టి రాశాం: పై కొసన నేల 100.60, కింది కొసన 100.00. నీళ్లు కలవాల్సిన పెద్ద కాలువ అడుగుభాగం 98.90. మీరేం చేశారంటే, పై కొసన 60 సెంటీమీటర్లు తవ్వుదామనుకుని అక్కడ అడుగు 100.00 అని రాసుకున్నారు. 200కి 1 చొప్పున, అంటే 200 మీటర్లకు ఒక మీటరు దిగేలా వాటం ఇచ్చారు. 240 మీటర్లు వచ్చేసరికి 1.20 దిగి, అడుగు 98.80కి చేరింది. కాగితం మీద గీత ముచ్చటగా వాలింది. అయితే ఆ 98.80 పెద్ద కాలువ అడుగు కంటే 10 సెంటీమీటర్లు కింద ఉంది. నీళ్లు పైకి ఎక్కవు కదా! ఆ వాటంలో 10 సెంటీమీటర్లంటే 20 మీటర్ల పొడవు. ఎండాకాలంలో కూడా అంతమేరా మురుగు కదలకుండా నిలుస్తుంది, దోమలు పెరుగుతాయి, పూడిక పేరుకుంటుంది. తర్వాత అందరూ మేస్త్రీని తిడతారు. అతను మీ కాగితంలో ఉన్నట్టే కట్టాడు పాపం.

కాలువ లెక్క ఎప్పుడూ నీళ్లు బయటికి పోయే చోట మొదలవ్వాలి. పెద్ద కాలువ అడుగుకు సమంగా కూడా కలపొద్దు; వాన రోజు అందులో నీరు పెరిగితే వెనక్కి తన్నుతుంది. కనీసం 20 సెంటీమీటర్లు ఎత్తున, 99.10 దగ్గర కలపండి. అక్కడి నుంచి పైకి ఎక్కండి. 200కి 1 వాటమైతే పై కొసన అడుగు 100.30 అవుతుంది. అంటే అక్కడ లోతు 30 సెంటీమీటర్లే, చాలదు. వాటం తగ్గించి 300కి 1 పెట్టండి. ఎక్కేది 0.80, పై కొసన అడుగు 99.90, లోతు 70 సెంటీమీటర్లు. కింది కొసన 90. కాలువలో ఎంత నీరు పారుతుందో చెప్పే మ్యానింగ్ సూత్రంలో కాంక్రీటు గరుకుదనానికి 0.015 వేసి చూస్తే, 60 సెంటీమీటర్ల వెడల్పు కాలువలో 35 సెంటీమీటర్ల ఎత్తున పారే నీరే 240 లీటర్లకు సరిపోతుంది. వేగం సెకనుకు మీటరు దాటుతుంది. ఇసుక పేరుకోకుండా ఉండటానికి 0.6 ఉంటే చాలంటారు కాబట్టి అదీ సరే.

ఇంకో మాట. కొందరు రోడ్డు వాటం చూసి అదే కాలువ వాటం అనుకున్నారు. రోడ్డు పైమట్టాన్ని నమ్మొద్దు. పాతది గీకకుండా ఒక్కోసారి 5 సెంటీమీటర్ల చొప్పున నాలుగుసార్లు పైపూత వేస్తే రోడ్డు 20 సెంటీమీటర్లు లేస్తుంది, ఇళ్ల గడపలు పల్లంలో పడతాయి. కొలవాల్సింది కాలువ అడుగు, గడప మట్టం. రోడ్డు ఆ రెంటికీ లొంగాలి. రోడ్డు ముందు వేసి ఆనక కాలువ కోసం పగలగొట్టే వీధుల గురించి రాయడం మొదలుపెడితే ఈ పాఠం పూర్తి కాదు.

పైపా, తెరిచే మూతల కాలువా అని అడిగారు. వీధి కాలువకు నా ఓటు మూతలకే, అదీ ఇద్దరు మనుషులు ఎత్తగలిగే బరువున్న మూతలకు. పూడిక కంటికి కనబడాలి.

ఇక డబ్బు. సగమే చేతికొస్తే ఏ సగం కట్టాలి? కింది సగం. పై వీధివాళ్లు ఒప్పుకోరు. ‘నీళ్లు నిలిచేది మా గుమ్మంలో, కాలువ వాళ్ల గుమ్మంలోనా’ అంటారు. కానీ పై సగం ముందు కడితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది ఇళ్ల మీద పడతాయి. అందుకే కాలువ ఖర్చును ఇంటి ముందున్న గోడ పొడవును బట్టి కాకుండా, స్థలం వైశాల్యాన్ని బట్టి పంచమంటాను. నీరు వచ్చేది స్థలం నుంచే. అప్పుడు పై వీధివాళ్లు కింది కాలువకు ఎందుకు ఇవ్వాలో వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు ఖర్చుకు మాత్రం గోడ పొడవు న్యాయం. మూల స్థలానికి రెండు వైపులా పూర్తిగా లెక్కేస్తే గొడవ ఖాయం, పొడుగు వైపు పొడవులో సగమే వేయండి.

ఎస్టిమేట్లో మరిచిపోయేవి: నీటి పైపులూ కేబుళ్లూ జరపడం, గుమ్మాల ముందు ర్యాంపులు విరగ్గొట్టి తిరిగి కట్టడం, గోతిలో ఊరే నీళ్లు తోడటం, తీసిన మట్టి ఎక్కడ పోయాలన్నది. ఏటా వానలకు ముందు పూడిక తీతకు అయ్యే ఖర్చు కూడా అదే కాగితం మీద రాయండి, లేకపోతే ఎవరూ ఇవ్వరు.

అభ్యాసం. ఏదైనా నిజమైన వీధి ఎంచుకోండి. పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి (రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి; బుడగ ఒక్కటీ ఉండకూడదు) 20 మీటర్లకు ఒక చోట చొప్పున నేల మట్టం, కాలువ ఉంటే దాని అడుగు, రెండు వైపులా గడపలు కొలవండి. చివరి చోటు నుంచి మళ్లీ కొలుస్తూ మొదటికి రండి. తేడా సెంటీమీటరు దాటితే మొత్తం మళ్లీ కొలవండి. తర్వాత రెండు పథకాలు గీయండి: పూర్తి డబ్బుతో ఒకటి, 40 శాతంతో ఒకటి. రెండో పథకంలో కట్టిన కొస దగ్గర, మిగతాది కట్టేదాకా పైనుంచి వచ్చే నీళ్లు ఎలా లోపలికి దిగుతాయో చూపించండి. అది చూపించని కాగితం దిద్దను.