మకావు హ్యాండోవర్ గిఫ్ట్స్ మ్యూజియం ఎలా చూడాలంటే

మకావు వెళ్ళిన మనవాళ్ళు చాలామంది కాసినోలు తిరిగి, ఆ డూప్లికేట్ ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగి, సాయంత్రానికి హాంకాంగ్ వెళ్ళిపోతారు. ఒక గంటన్నర మిగుల్చుకుని ఈ హ్యాండోవర్ గిఫ్ట్స్ మ్యూజియం కూడా చూడండి, టికెట్ కూడా లేదు. సోమవారం మూసేస్తారు, అది చూసుకోండి. ఫెర్రీలో వస్తే ఔటర్ హార్బర్‌లో దిగండి, అక్కడ్నించి టాక్సీలో కాసేపే, ఆర్ట్ మ్యూజియం పక్కనే.

ముందు కథ కొంచెం తెలిస్తే మంచిది. 1557 నుంచి పోర్చుగీసు వాళ్ళు అక్కడ పాతుకుపోయారు, తిరిగిచ్చేస్తామని 1987లో చైనాతో ఒప్పందం అయ్యింది, 1999 డిసెంబర్ 19 అర్ధరాత్రి దాటగానే జెండా మారి మకావు చైనా చేతికి వచ్చింది, హ్యాండోవర్ అంటే అదే. మన యానాం 1954లోనే ఫ్రెంచి వాళ్ళ చేతిలోంచి వచ్చేసింది, వీళ్ళకి ఇంకో 45 ఏళ్ళు పట్టింది.

లోపల ఉన్నవి అప్పుడు చైనాలో ఒక్కో రాష్ట్రం పంపిన కానుకలు. ఊరికే చూసుకుంటూ పోతే పది నిమిషాల్లో బోర్ కొట్టేస్తుంది, నిజం చెప్తున్నా. అందుకే ముందు ఫోన్లో చైనా మ్యాప్ తెరిచి పెట్టుకోండి, ఏ రాష్ట్రం దేనికి ఫేమస్సో కాస్త చదువుకుని వెళ్ళండి, జియాంగ్సీ అంటే పింగాణీ, జియాంగ్సు అంటే పట్టు మీద ఎంబ్రాయిడరీ, ఫుజియాన్ అంటే లక్కపని, ఇలా. తర్వాత పేరు బోర్డు చదవకుండా ముందు వస్తువు చూసి ఇది ఎవరు పంపుంటారా అని గెస్ చేయండి, పిల్లలు ఉంటే ఇదే ఆట. మనం కొండపల్లి బొమ్మలో పోచంపల్లి చీరో ఇచ్చినట్టే, ఎవరి గొప్ప వాళ్ళు చూపించుకున్నారు.

ఎక్కడ చూసినా తామర పువ్వే కనిపిస్తుంది, మకావు జెండా మీదున్నది కూడా అదే. జెండాలో మూడు రేకులు ఎందుకంటే మకావు ద్వీపకల్పం, తైపా, కొలోఆన్ దీవులు అని. చైనా కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన పెద్ద బంగారు తామర మాత్రం మ్యూజియంలో వెతక్కండి, అది బయట లోటస్ స్క్వేర్‌లో ఉంది.

ఒక్కటి, ఇక్కడ కథంతా ఇచ్చినవాళ్ళ వైపు నుంచే ఉంటుంది, 400 ఏళ్ళున్న పోర్చుగీసు వాళ్ళ సంగతి పెద్దగా తగలదు. అది కావాలంటే అదే రోజు సెనాడో స్క్వేర్‌కి వెళ్ళి వీధి పేర్లు చూడండి, నీలం, తెలుపు టైల్స్ మీద చైనీస్, పోర్చుగీస్ రెండూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.