న్యూమన్ గని విమానం ఎక్కే ముందు: తుఫాను సీజన్ జాగ్రత్తలు

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో తుఫాను సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. పెర్త్ నుంచి అక్కడి గనుల ఊరు న్యూమన్‌కు రోడ్డున దాదాపు 1,200 కిలోమీటర్లు. విమానం తప్పితే కారులో పోదాంలే అనుకునే దూరం కాదు.

• ముందు రోజు మందు ముట్టకండి. చాలా గనుల్లో షిఫ్టుకు ముందు మద్యం పరీక్ష యంత్రంలో ఊదాలి, 0.00 రావాలి. ఒంట్లోంచి గంటకు సుమారు ఒక స్టాండర్డ్ డ్రింకే (ఆస్ట్రేలియాలో 10 గ్రాముల ఆల్కహాల్) దిగుతుంది. రాత్రి పదింటిదాకా ఎనిమిది తాగినవాడు తెల్లారి ఆరింటికి కూడా తేలకపోవచ్చు. కాఫీ, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరపెట్టవు.

• రోజూ వేసుకునే మందులు నాలుగు రోజులకు ఎక్కువ పెట్టుకోండి, అదీ చేతిసంచిలో. తుఫానుకు రన్‌వే మూస్తే ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం. పైగా 40 డిగ్రీలు దాటిన ఎండలో గాలి పలచబడి రెక్కలకు ఎత్తే బలం తగ్గుతుంది. అలాంటప్పుడు బరువు తగ్గించాలంటే పెద్ద సంచులు దిగిపోవచ్చు.

• పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే, 100 వాట్-అవర్లు మించకుండా. లెక్క సులువు: దాని మీద రాసిన ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం) అంకెను 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000ది 74 అవుతుంది, ఫర్వాలేదు.

• తిరుగు ప్రయాణానికి పని బూట్లు వద్దు. పేలుడు పని దగ్గర తిరిగితే పేలుడు పదార్థాల్లో వాడే అమ్మోనియం నైట్రేట్ ఆనవాళ్లు తాళ్లలో, అడుగు గాడుల్లో మిగులుతాయి. విమానాశ్రయం స్క్రీనింగ్‌లో అలారం మోగిందంటే విడి తనిఖీ, ఆలస్యం.

• సంధ్యవేళ కారు నెమ్మదిగా. కంగారూలు అప్పుడే రోడ్డెక్కుతాయి.